ఇన్‌హేలర్ మందు ఊపిరితిత్తుల దాకా చేరాలంటే: స్పేసర్ వాడే పద్ధతి

ఆయాసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ మీద పఫ్‌కు, అంటే ఒక్క నొక్కుకు, 100 మైక్రోగ్రాములు అని రాసి ఉంటుంది. అది డబ్బా కొలిచి విడిచే మందు లెక్క, ఊపిరితిత్తులకు చేరే మందు లెక్క కాదు. పీల్చే పద్ధతి బాగా తెలిసిన పెద్దవారిలో కూడా ఈ తరహా మామూలు ఇన్‌హేలర్ల నుంచి సుమారు 10 నుంచి 20 శాతం మందు మాత్రమే ఊపిరితిత్తులకు అందుతుంది. మిగిలినదానిలో అధిక భాగం నోటిలోను, గొంతు వెనుక గోడ మీదను పడి, మింగినప్పుడు కడుపులోకి పోతుంది. పద్ధతి తప్పితే ఆ కాస్త మందు కూడా అందదు. నోటికీ ఇన్‌హేలర్‌కూ మధ్య అమర్చే ప్లాస్టిక్ గొట్టాన్ని, అంటే స్పేసర్‌ను, చాలా ఇళ్లలో పిల్లలకు మాత్రమే పనికివచ్చే వస్తువుగానో, కొనకపోయినా ఫరవాలేని అదనపు సామానుగానో చూస్తారు. నిజానికి డాక్టరు రాసిచ్చిన డోసులో ఎంత భాగం పని చేయవలసిన చోటికి చేరుతుందో చాలా వరకు నిర్ణయించేది ఆ గొట్టమూ, దానిని మనం వాడే తీరూ.

నేను ఒక చిన్న పట్టణంలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. ఎన్నో ఏళ్లుగా ఇన్‌హేలర్లు ఇస్తూనే ఉన్నా, స్పేసర్ సంగతి నేను శ్రద్ధగా నేర్చుకున్నది మా నాన్నగారికి ఆయాసం ముదిరిన తరువాతే. ఆయన డాక్టరు చెప్పినన్ని పఫ్‌లను లెక్క తప్పకుండా తీసుకునేవారు. అయినా రాత్రిళ్లు పిల్లికూతలు తగ్గలేదు. పైగా గొంతు బొంగురుపోయింది, నాలుక మీద తెల్లటి పూత వచ్చింది. మందు చాలడం లేదనుకుని డోసు పెంచారు. ఒకనాడు ఆయన ఎదురుగా కూర్చుని గమనిస్తే, డబ్బా నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఊపిరి తీసుకుంటున్నారు. ఆ ఒక్క క్షణంలోనే మందంతా గొంతు మీద పడిపోతోంది. డోసు పెంచినకొద్దీ గొంతుకే ఎక్కువ మందు పెట్టామన్న మాట. ఆ తప్పు ఆయనది కాదు. పక్కనే ఉండి ఒక్కసారైనా చూడని నాది.

గొట్టం లోపల ఏమి జరుగుతుంది

మన వైపు చాలామంది పంపు అని పిలిచే ఇన్‌హేలర్‌లో మందు, దానిని బయటకు నెట్టే వాయువు ఒత్తిడితో ద్రవరూపంలో నింపి ఉంటాయి. 1956లో ఈ పరికరం మొదటిసారి అమ్మకానికి వచ్చినప్పటి నుంచి వాడిన సీఎఫ్‌సీ వాయువులను, ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తరువాత క్రమంగా మార్చారు గాని, పని చేసే సూత్రం మాత్రం అదే. డబ్బాను నొక్కగానే కొలిచిన మందు సెకనులో చిన్న భాగంలోనే తుంపరగా దూసుకువస్తుంది. ఆ తుంపర వేగంగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, అందులోని బిందువులు మొదట్లో పెద్దవిగా ఉంటాయి.

నోటి నుంచి శ్వాసనాళంలోకి పోయే దారి తిన్ననిది కాదు. గొంతు దగ్గర దాదాపు లంబకోణంలో కిందికి మలుపు తిరుగుతుంది. మితిమీరిన వేగంతో వచ్చే బండి మలుపు తిరగలేక ఎదురుగా ఉన్న గోడను గుద్దుకున్నట్టే, వేగంగా వచ్చే పెద్ద బిందువులు ఆ మలుపు దగ్గర గొంతు గోడకు తగిలి అక్కడే ఆగిపోతాయి. సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిమాణంలో ఉన్న కణాలు మాత్రమే, అవి కూడా నెమ్మదిగా ప్రవహించే గాలితో కలిసి పోతున్నప్పుడే, మలుపు దాటి చిన్న శ్వాసనాళాల దాకా వెళ్లగలుగుతాయి.

స్పేసర్ చేసే పని ఇక్కడే ఉంది. తుంపర ముందుగా ఆ గొట్టంలోకి వస్తుంది కాబట్టి దాని వేగం తగ్గుతుంది. నెట్టే వాయువు ఆవిరైపోయి బిందువులు చిన్నవవుతాయి. అప్పటికీ పెద్దవిగా మిగిలినవి గొట్టం గోడకు తగిలి అక్కడే అంటుకుపోతాయి. స్పేసర్ లోపల తెల్లటి పొడిలాంటి పొర కనిపించినప్పుడు, మందు వృథా అయిపోతోందని చాలామంది బాధపడతారు. ఆ పొరలో ఎక్కువ భాగం స్పేసర్ లేకపోతే గొంతులో పడి ఉండేదే. నోటిలో పడే మందు బాగా తగ్గుతుంది. ఊపిరితిత్తులకు అందేది తగ్గదు, పద్ధతి సరిగ్గా కుదరని వారిలో బాగా పెరుగుతుంది కూడా. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగవలసిన అవసరం ఉండదు. చల్లటి తుంపర గొంతుకు తగలగానే కొందరికి తెలియకుండానే ఊపిరి ఆగిపోయే ఇబ్బంది కూడా పోతుంది.

స్పేసర్లలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి రెండు వైపులా తెరిచి ఉన్న మామూలు గొట్టం. రెండవది నోటి వైపు వాల్వ్ ఉన్నది. పీల్చినప్పుడు తెరుచుకుని, వదిలినప్పుడు మూసుకునే ఈ వాల్వ్ వల్ల మనం వదిలిన ఊపిరి లోపలి మందును బయటకు నెట్టివేయదు. వాల్వ్ లేని గొట్టంలోకి పొరపాటున ఒక్కసారి ఊపిరి వదిలినా, దగ్గినా, లోపలి మందు చాలా వరకు పోయినట్టే. ఆయాసపడుతున్న మనిషి, చిన్నపిల్లలు, వయసు మళ్లినవారు ఊపిరిని అదుపులో పెట్టుకోలేరు కాబట్టి వాల్వ్ ఉన్నదే కొనుక్కోవాలని నేను గట్టిగా చెబుతాను. ధరలో తేడా ఉన్నా సరే.

ఏ ఇన్‌హేలర్‌కు అవసరం, దేనికి కాదు

స్పేసర్ పైన చెప్పిన ఒత్తిడితో పని చేసే డబ్బా ఇన్‌హేలర్లకు మాత్రమే. మన రాష్ట్రాలలో ఎంతో మంది వాడే రోటాహేలర్ వంటి పొడి మందు పరికరాలకు స్పేసర్ పనికిరాదు. వాటిలో క్యాప్సూల్ నుంచి పొడిని లేపేది రోగి పీల్చే బలమే కాబట్టి, మధ్యలో గొట్టం పెడితే ఆ బలం అందక పొడి లేవదు. పీల్చగానే తనంతట తానే మందు విడిచే ఇన్‌హేలర్లకు కూడా స్పేసర్ పెట్టకూడదు.

ఈ రెండు రకాలూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు జరిగే పొరపాటు ఒకటి ఉంది. పొడి మందును వేగంగా, బలంగా పీల్చాలి. పంపు మందును నెమ్మదిగా పీల్చాలి. రోటాహేలర్‌కు అలవాటు పడిన వారు స్పేసర్‌ను కూడా అంతే బలంగా లాగుతారు, అప్పుడు మందు మళ్లీ గొంతు మలుపు దగ్గరే పడుతుంది. కొన్ని స్పేసర్లలో వేగంగా పీల్చినప్పుడు ఈల లాంటి శబ్దం వచ్చే ఏర్పాటు ఉంటుంది. ఆ శబ్దం బాగా పీల్చినందుకు గుర్తు అనుకుని పిల్లలు కావాలని మోగిస్తారు. అది నెమ్మదించమనే హెచ్చరిక అని వారికి ముందే చెప్పాలి.

శ్వాసనాళాల వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడే ప్రతి ఒక్కరికీ, అంటే బెక్లోమెతాసోన్, బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ వంటి మందులను పంపు రూపంలో తీసుకునే వారందరికీ, పద్ధతి ఎంత బాగా వచ్చినా స్పేసర్ మేలు చేస్తుంది. గొంతు బొంగురుపోవడం, నోటిలో తెల్లటి పూత రావడం, మింగిన స్టెరాయిడ్ పేగుల ద్వారా రక్తంలో కలవడం, ఇవన్నీ నోటిలో పడిన మందు వల్ల వచ్చేవే. చేతివేళ్లు కీళ్లనొప్పులతో బిగుసుకుపోయిన వృద్ధులకు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దవయసు స్త్రీలకు, నొక్కుతూనే పీల్చమని చెప్పడం ఆచరణలో కుదరని మాట. స్పేసర్ ఉంటే డబ్బాను ఇంట్లో వేరొకరు నొక్కవచ్చు, వారు నెమ్మదిగా పీల్చుకోవచ్చు.

కొనేటప్పుడు మీ ఇన్‌హేలర్‌ను వెంట తీసుకువెళ్లి, దాని నోరు స్పేసర్ వెనుక భాగంలో వదులు లేకుండా బిగుతుగా కూర్చుంటుందో లేదో అక్కడే పెట్టి చూసుకోండి. సందు ఉంటే గాలి అటు నుంచి వచ్చి మందు అక్కడే ఉండిపోతుంది.

పెద్దవారు వాడే పద్ధతి

నిటారుగా కూర్చోవాలి లేదా నిలబడాలి. ఇన్‌హేలర్ మూత తీసి లోపల దుమ్ము, గుడ్డ పోగులు వంటివి లేవని చూసుకోవాలి. జేబులోనో చేతిసంచిలోనో మూత లేకుండా తిరిగిన ఇన్‌హేలర్‌లో చిల్లర నాణెం కూడా ఉండవచ్చు. తరువాత డబ్బాను బాగా కుదపాలి. చాలా ఇన్‌హేలర్లలో మందు వాయుద్రవంలో కరిగి ఉండదు, సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. కుదపకుండా నొక్కితే ఒక పఫ్‌లో మందు తక్కువగా, మరొక పఫ్‌లో ఎక్కువగా వస్తుంది. కొత్త డబ్బాను, చాలా రోజులు వాడకుండా ఉంచిన డబ్బాను లోపలి కాగితంలో చెప్పినన్ని సార్లు గాలిలోకి నొక్కి, తరువాతే వాడకం మొదలుపెట్టాలి.

ఇన్‌హేలర్‌ను స్పేసర్ వెనుక అమర్చి, ఊపిరిని సుఖంగా బయటకు వదిలి, స్పేసర్ నోటిభాగాన్ని పళ్ల మధ్య ఉంచి పెదవులతో చుట్టూ మూయాలి. నాలుక అడ్డు రాకూడదు. ఒక్కసారి మాత్రమే నొక్కాలి. నొక్కిన వెంటనే నెమ్మదిగా, లోతుగా, సుమారు 4 నుంచి 5 సెకన్ల పాటు ఊపిరి తీసుకుని, 10 సెకన్లు లేదా ఇబ్బంది లేనంత సేపు బిగబట్టి, తరువాత వదలాలి. బిగబట్టడం ఎందుకంటే, లోపలికి చేరిన సన్నని కణాలు శ్వాసనాళాల గోడల మీద దిగడానికి కొంత సమయం పడుతుంది. వెంటనే వదిలేస్తే వాటిలో కొన్ని వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోతాయి. ఊపిరి బిగబట్టలేని వారు స్పేసర్‌ను నోటిలోనే ఉంచి మామూలుగా 5 సార్లు ఊపిరి తీసుకుని వదిలితే సరిపోతుంది.

ఇందులో రెండు మాటలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మొదటిది, నొక్కడానికీ పీల్చడానికీ మధ్య ఆలస్యం చేయకూడదు. ఒకే క్షణంలో జరగనవసరం లేదన్నాము గాని, దాని అర్థం తీరిగ్గా చేయవచ్చని కాదు. గొట్టంలో తేలే మందు సెకన్లు గడిచేకొద్దీ అడుగుకు దిగిపోతూ, గోడలకు అంటుకుంటూ ఉంటుంది. గొట్టంలో మందు ఉంది కదా అని ముందు నొక్కి, తరువాత పిల్లవాడిని పిలిచే తల్లులను చూశాను. పిల్లవాడు వచ్చేసరికి ఆ గొట్టంలో పీల్చడానికి మందు దాదాపు మిగలదు. రెండవది, రెండు పఫ్‌లు రాశారని రెండింటినీ ఒకేసారి లోపలికి కొట్టకూడదు. రెండు తుంపరలు కలిసినప్పుడు కణాలు ఒకదానికొకటి తగిలి పెద్దవై, గోడలకు అంటుకునేవి ఎక్కువవుతాయి. రెండు కలిపి కొట్టినందుకు రెట్టింపు మందు అందదు. మొదటి పఫ్ పూర్తిగా పీల్చి, 30 సెకన్ల నుంచి నిమిషం దాకా ఆగి, డబ్బాను మళ్లీ కుదిపి, రెండవది తీసుకోవాలి.

స్టెరాయిడ్ మందు తీసుకున్న తరువాత, స్పేసర్ వాడినా సరే, నీటితో గొంతు దాకా పుక్కిలించి ఉమ్మివేయాలి. ఆ నీటిని మింగకూడదు. చాలా ఇళ్లలో ఉదయం, రాత్రి పళ్లు తోముకునే ముందు ఈ మందు తీసుకునే అలవాటు చేసుకున్నారు. పుక్కిలించడం మరిచిపోకుండా ఉండటానికి అంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

చిన్నపిల్లలకు

ఉబ్బసం వ్యాధిపై అంతర్జాతీయంగా అనుసరించే జినా మార్గదర్శకాలు 5 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు పంపును స్పేసర్‌తో ఇవ్వడాన్నే ముందుగా ఎంచుకోవలసిన పద్ధతిగా చెబుతాయి. నాలుగేళ్ల లోపు పిల్లలు గొట్టాన్ని నోటితో పట్టి పీల్చలేరు కాబట్టి స్పేసర్‌కు మాస్క్ తగిలించాలి. ఆ మాస్క్ ముక్కునూ నోటినీ పూర్తిగా కప్పి, బుగ్గలకు చుట్టూ ఆనుకుని ఉండాలి. కళ్ల మీదికి రాకూడదు, గడ్డం కింద సందు ఉండకూడదు. మాస్క్ పక్క నుంచి గాలి వస్తుంటే, పిల్లవాడు ఆ సులువైన దారినే గాలి తీసుకుంటాడు. వాల్వ్ తెరుచుకోదు, మందు గొట్టంలోనే ఉండిపోతుంది. మాస్క్‌ను ముఖానికి దూరంగా పట్టుకుని మందు కొడితే అది మందు ఇచ్చినట్టు కాదు.

బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, తల వెనుక భాగాన్ని మీ ఛాతీకి ఆనించుకోండి. ముందుగా మాస్క్ ఆనించి, ఒకటి రెండు ఊపిర్లు తీసుకోనిచ్చి, తరువాత ఒక పఫ్ నొక్కి, వాల్వ్ కదలికను చూస్తూ 5 లేదా 6 ఊపిర్లు లెక్కపెట్టాలి. వాల్వ్ కదలకపోతే మందు వెళ్లడం లేదని అర్థం. పిల్లల స్పేసర్ పరిమాణం చిన్నదిగా, సుమారు 150 మిల్లీలీటర్ల దగ్గర ఉండటానికి కారణం ఉంది. 10 కిలోల బిడ్డ మామూలుగా ఒక్కసారి పీల్చే గాలి 70 నుంచి 100 మిల్లీలీటర్లు మాత్రమే. చిన్న గొట్టాన్ని ఆ బిడ్డ కొద్ది ఊపిర్లలో ఖాళీ చేయగలదు. పెద్దవారి కోసం చేసిన 750 మిల్లీలీటర్ల స్పేసర్‌లోని మందును పసిబిడ్డ లాగేలోపే అందులో చాలా భాగం అడుగుకు దిగిపోతుంది.

ఏడుస్తున్నప్పుడు లోతుగా గాలి పీలుస్తారు కాబట్టి మందు బాగా వెళుతుందని పెద్దవాళ్లు అనడం విన్నాను. అది నిజం కాదు. ఏడుపులో ఎక్కువసేపు ఊపిరి వదలడమే జరుగుతుంది. మధ్యలో తీసుకునే కొద్దిపాటి ఊపిరి వేగంగా ఉండి మందును గొంతులోనే పడవేస్తుంది. అందుకే మందు అవసరం లేని రోజుల్లోనే ఖాళీ మాస్క్‌తో ఆడించాలి. బొమ్మకు పెట్టించాలి, అమ్మకు పెట్టించాలి, తరువాత తనకు తానే పెట్టుకోనివ్వాలి. ఈ అలవాటుకు వారం పట్టినా ఆ వారం వృథా కాదు. మాస్క్‌తో స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు నోటితో పాటు ముఖాన్ని కూడా తడిగుడ్డతో తుడవాలి.

నాలుగైదు ఏళ్లు వచ్చి, గొట్టాన్ని పెదవులతో పట్టుకోవడం నేర్చుకున్న వెంటనే మాస్క్ మాన్పించాలి. ముక్కు మందును వడకట్టేస్తుంది. నోటితో నేరుగా పీల్చడం మొదలుపెడితే అదే డోసులో ఊపిరితిత్తులకు మరింత అందుతుంది. ఇంకా మాస్క్‌తోనే సులువుగా ఉందని ఏడేళ్ల పిల్లలకు కూడా కొనసాగించే వారు ఈ మాట ఆలోచించాలి.

కడిగేటప్పుడు చేసే పొరపాటు

స్పేసర్ వాడకంలో అందరూ తెలియక చేసే తప్పు, శుభ్రంగా ఉండాలన్న మంచి ఉద్దేశంతోనే చేసే తప్పు, కడిగిన తరువాత గుడ్డతో తుడవడం. ప్లాస్టిక్ దువ్వెనను పొడి జుట్టుకు రుద్ది చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి దువ్వెనకు అంటుకోవడం బడిలో అందరం చూశాము. ప్లాస్టిక్ స్పేసర్‌ను గుడ్డతో రుద్దినప్పుడు దాని గోడ మీద అదే స్థిర విద్యుత్తు పుడుతుంది. మైక్రాన్లలో కొలిచే మందు కణాలు కాగితం ముక్కల కంటే ఎంతో తేలికైనవి కాబట్టి గొట్టంలోకి రాగానే గోడకు అంటుకుపోతాయి. పెట్టెలో నుంచి తీసిన కొత్త స్పేసర్‌కు కూడా ఈ లోపం ఉంటుంది. మొదటి రోజున మందు పని చేయలేదని అనిపించడానికి ఇది ఒక కారణం.

దీనికి మందు దుకాణంలో కొనవలసినది ఏదీ లేదు. గోరువెచ్చటి నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొన్ని చుక్కలు కలిపి, స్పేసర్ భాగాలను విడదీసి, సుమారు 15 నిమిషాలు నానబెట్టి, నెమ్మదిగా అటూ ఇటూ ఆడించి తీయాలి. లోపల పీచుతోగాని బ్రష్‌తోగాని రుద్దకూడదు. గొట్టం లోపలి భాగాన్ని మళ్లీ మంచినీటితో కడగకుండా, నురుగు జారిపోయేటట్లు కుదిపి, నీడలో నిలువుగా నిలబెట్టి తనంతట తానే ఆరనివ్వాలి. సబ్బు వదిలే పలుచని పొరే స్థిర విద్యుత్తును అణచిపెడుతుంది, దానిని కడిగేస్తే చేసిన పని వృథా అవుతుంది. నోటికి తగిలే భాగాన్ని మాత్రం వాడే ముందు శుభ్రమైన నీటితో కడుక్కోవచ్చు. మాస్క్‌ను కూడా కడగాలి. మీ స్పేసర్ తయారీదారు కాగితంలో వేరే విధంగా ఉంటే, ఉదాహరణకు స్థిర విద్యుత్తు పట్టని పదార్థంతో చేసినవాటికీ, లోహపు స్పేసర్లకూ, ఆ సూచనే పాటించాలి.

కొన్న వెంటనే ఒకసారి, తరువాత నెలకు ఒకసారి ఇలా కడిగితే సాధారణంగా సరిపోతుంది. రోజూ కడగడం వల్ల లాభం లేదు. ఆరిన స్పేసర్‌ను ప్లాస్టిక్ కవర్‌లో దూర్చి పెట్టడం కూడా మంచిది కాదు, కవర్ రాపిడికి మళ్లీ విద్యుత్తు పుడుతుంది. మూత ఉన్న డబ్బాలోనో, నూలు సంచిలోనో ఉంచండి. ఆయాసం వచ్చిన వేళ చేతిలో కడగని కొత్త స్పేసర్ మాత్రమే ఉంటే, లోపలికి 10 పఫ్‌లైనా ముందుగా కొట్టి గోడలకు మందు పూత పట్టించి, తరువాత రోగికి ఇవ్వవచ్చు. మందు ఖర్చవుతుంది గాని, ఆ క్షణంలో అది సరైన ఖర్చే.

వాల్వ్ బిగుసుకుపోయినా, మడత పడినా, గొట్టం పగిలినా స్పేసర్‌ను మార్చాలి. బాగానే కనిపించినా చాలామంది తయారీదారులు 6 నుంచి 12 నెలలకు ఒకసారి మార్చమంటారు. కొన్న తేదీని అడుగున మార్కర్ పెన్నుతో రాసి పెట్టుకుంటే వెతుక్కోవలసిన పని ఉండదు. ఒకరి స్పేసర్‌ను మరొకరు వాడకూడదు, అన్నదమ్ములైనా సరే.

డబ్బా ఖాళీ అయినదో లేదో

స్పేసర్ ఎంత బాగున్నా డబ్బాలో మందు లేకపోతే చేసేదేమీ లేదు. మందు అయిపోయిన తరువాత కూడా నెట్టే వాయువు కొంత మిగిలి ఉండి, నొక్కినప్పుడు అదే శబ్దంతో తుంపర వస్తుంది. దానితో రోగి మోసపోతాడు. డబ్బాను నీటిలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడటం నమ్మదగిన పరీక్ష కాదు, పైగా నీరు చేరి వాల్వ్ చెడిపోవచ్చు. లెక్కపెట్టడమే సరైన పద్ధతి. కొన్ని డబ్బాలకు సంఖ్య చూపే కిటికీ ఉంటుంది. లేనివాటికి మీరే లెక్క కట్టుకోవాలి. 120 పఫ్‌లు ఉన్న స్టెరాయిడ్ డబ్బాను రోజుకు రెండు పూటలా రెండేసి పఫ్‌ల చొప్పున వాడితే సరిగ్గా 30 రోజులు వస్తుంది. క్యాలెండర్‌లో ఆ తేదీకి ముందు వారమే గుర్తు పెట్టుకోండి. ఎండాకాలంలో డబ్బాను కారులోగాని, బండి డిక్కీలోగాని వదలకూడదు. అది ఒత్తిడితో నింపిన పాత్ర, రెంటచింతల ఎండలో మూసిన కారు లోపలి వేడిని అది తట్టుకుంటుందని అనుకోవద్దు.

ఆయాసం ముదిరినప్పుడు

ఆయాసం ఎక్కువైతే నెబులైజర్, అంటే ద్రవ మందును సన్నని తుంపరగా మార్చి మాస్క్ ద్వారా ఇచ్చే కరెంటు యంత్రం, పెట్టించుకుంటే తప్ప తగ్గదన్న నమ్మకం మన ఊళ్లలో చాలా బలంగా ఉంది. ప్రాణాపాయం లేని స్థాయి ఆయాసంలో, పిల్లలలోను పెద్దవారిలోను, సరైన మోతాదులో స్పేసర్ ద్వారా ఇచ్చిన పంపు మందు నెబులైజర్‌కు ఏమాత్రం తీసిపోదని జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసినప్పుడు తేలింది. పిల్లలు అత్యవసర విభాగంలో ఉండవలసిన సమయం తగ్గింది, గుండె దడ కూడా తక్కువగా ఉంది. కరెంటు పోయిన రాత్రి, ఆసుపత్రి గంట దూరంలో ఉన్న పల్లెలో ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో రోగులకు నేర్పే పద్ధతిలో, ఉపశమనం ఇచ్చే నీలి ఇన్‌హేలర్‌ను 30 నుంచి 60 సెకన్లకు ఒక పఫ్ చొప్పున గరిష్ఠంగా 10 పఫ్‌ల వరకు తీసుకోమంటారు. మీకు గాని, మీ పిల్లలకు గాని ఎన్ని పఫ్‌లు, ఎంత వ్యవధిలో అన్నది డాక్టరు చేత ముందుగానే కాగితం మీద రాయించుకుని స్పేసర్‌తో పాటే ఉంచాలి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలిరంగుకు తిరగడం, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుపోవడం, మగతగా ఉండటం కనిపిస్తే, లేదా మందు ఇచ్చినా తెరిపి రాకపోతే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. వాహనం వచ్చే లోపు స్పేసర్‌తో మందు ఇస్తూనే ఉండాలి.

స్పేసర్ అందుబాటులో లేని చోట ఆధారపడదగిన ఏర్పాటు ఒకటి ఉంది. దక్షిణాఫ్రికాలో డాక్టర్ హీథర్ జార్, ఆమె సహచరులు ఆయాసంతో వచ్చిన పిల్లల మీద చేసి 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, కొన్న స్పేసర్‌తో పాటు 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాను, నురగ ప్లాస్టిక్ కప్పును పోల్చి చూశారు. ఇన్‌హేలర్ చుట్టూ సందు లేకుండా అతికించిన సీసా, కొన్న స్పేసర్‌తో సమానంగా పని చేసింది. కప్పు అన్నింటికంటే తక్కువగా పని చేసింది. కాగితపు కప్పు అడుగున రంధ్రం చేసి ముఖానికి పెట్టడం మన దగ్గర కూడా చేస్తుంటారు. సీసా దొరికితే కప్పు జోలికి పోకపోవడం మంచిది.

సీసాను తయారు చేయడానికి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన అర లీటరు మంచినీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ నోటి ఆకారాన్ని గీసుకుని, ఆ గీతకు కొద్దిగా లోపలి వైపుగానే రంధ్రం కోయాలి. వేడి చేసిన తీగతో కోస్తే అంచు నున్నగా వస్తుంది. ఇన్‌హేలర్ నోటిని అందులోకి బిగుతుగా దూర్చి, చుట్టూ మిగిలిన సందును టేపుతో పూర్తిగా మూయాలి. కోసిన అంచుల్లో ప్లాస్టిక్ ముక్కలు మిగలకుండా చూడాలి, ఎందుకంటే అవి ఊపిరితో పాటు లోపలికి పోగలవు. సీసా మూతి నోటిలో పెట్టుకుని పెదవులతో మూసి, డబ్బాను కుదిపి ఒక పఫ్ నొక్కి, వెంటనే నెమ్మదిగా పీల్చాలి. ఈ సీసాకు వాల్వ్ లేదు కాబట్టి లోపలికి వదిలిన ప్రతి ఊపిరి కొంత మందును చెదరగొడుతుంది. పెద్దవారైతే ఒక్క లోతైన ఊపిరితో తీసుకుని, సీసాను నోటి నుంచి తీసిన తరువాతే వదలాలి. కొత్త సీసా గోడలకు కూడా స్థిర విద్యుత్తు ఉంటుంది కనుక మొదట కొన్ని పఫ్‌లు లోపలికి కొట్టి ఉంచాలి. వాల్వ్ ఉన్న స్పేసర్ చేతికి అందిన రోజున ఈ సీసాను తీసి పారేయాలి.